రావు దూసి పాపా కొరకు

గుమ్మలవలస పురపాలక సంఘానికి పైనుంచి వచ్చే ఉత్తర్వుల్లో సగం ఎవరికీ అర్థం కావు. అర్థమైన సగాన్ని ఎవరూ అమలు చెయ్యరు. ఆ ఊరు ఇన్నాళ్ళూ చల్లగా ఉండటానికి అదే కారణం. ఆ యేడు ఆషాఢంలో వచ్చిన ఉత్తర్వు మాత్రం అర్థం కాకముందే అమలైపోయింది.

"కార్యాలయ దత్తాంశమును స్పృశించు ఉద్యోగి దత్తాంశ నిర్వహణ వృత్తి ప్రావీణ్య పరీక్షయందు ఉత్తీర్ణుడై ఉండవలెను. అనర్హులు దత్తాంశమును తెరచుట, మోయుట, దులుపుట నిషిద్ధము" అని అందులో ఉంది.

దత్తాంశం అంటే ఏమిటా అని సూపరింటెండెంటు సదాశివ పట్నాయక్ గారు మూడు రోజులు ఆలోచించారు. దత్త అంటే దత్తత, అంశం అంటే విషయం. కాబట్టి ఇది పిల్లల్ని దత్తత తీసుకునే విషయమని తేల్చారు. జనన మరణ విభాగంలో ఉన్న దత్తత కాగితాలన్నీ బయటికి తీయించి ఎర్రగుడ్డలో మూట కట్టించారు. ఊళ్ళో పిల్లల్ని పెంచుకున్న పదకొండుమంది తండ్రులకు, పరీక్షకు సిద్ధం కావలసిందిగా నోటీసులు కూడా వెళ్ళాయి. వాళ్ళలో ఒకాయన నిజంగానే వచ్చి సిలబస్ ఏమిటని అడిగాడు. నాలుగో రోజు జిల్లా నుంచి ఫోనొచ్చింది. దత్తాంశం అంటే డేటా అని అప్పుడు తెలిసింది.

"ఆ ముక్క తెలుగులో ఏడవచ్చు కదా!" అని పట్నాయక్ గారు విసుక్కున్నారు.

కమిషనరు చక్రధర్ గారు వెంటనే సమావేశం పెట్టారు. ఆయన మామూలు మాట మాట్లాడగా విన్నవాళ్ళు ఆఫీసులో లేరు. "సమగ్ర, సుస్థిర, పారదర్శక దత్తాంశ సంస్కృతి దిశగా మనం పరివర్తన చెందవలసిన తరుణం ఆసన్నమైంది," అన్నారు. అందరూ తలలూపారు. "ఇక్కడ దత్తాంశానికి యజమానిని నేను. యజమాని తన సొత్తును ముట్టుకోవలసిన పని లేదు. కాబట్టి నాకు పరీక్ష వర్తించదు."

పట్నాయక్ గారు తనకు షుగరుందన్నారు. షుగరుకీ పరీక్షకీ ఏమిటి సంబంధమని ఎవరూ అడగలేదు, ఎందుకంటే అందరికీ ఏదో ఒకటి ఉంది. చివరికి ఏ జబ్బూ లేనివాడు దూసి పాపారావు ఒక్కడే మిగిలాడు.

పాపారావు జనన మరణ విభాగంలో రికార్డు అసిస్టెంటు. ముప్ఫై మూడేళ్ళుగా అదే కుర్చీ, అదే గది. రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలుంది. ఆ గదిలో ఇనప బీరువాలూ, చెక్క అరలూ, వాటి నిండా సంపుటాలూ ఉంటాయి. ఎవరైనా కిటికీ దగ్గరికొచ్చి "వరదొచ్చిన యేడు, కుమ్మరి వీధి, దీపావళి ఎల్లిన నాలుగోనాడు పుట్టినాడు" అంటే చాలు, ఆయన లేచి సరిగ్గా ఆ సంపుటం తెచ్చి ఆ పుట తెరిచేవాడు. ఆ పని ఆయనకు ప్రాణం. ఊళ్ళో సగం మంది పుట్టినట్టు తనే రాశాడు, పోయినవాళ్ళలో చాలామందిని తనే కొట్టేశాడు. తన పద్నాలుగు నెలలూ ఆ కుర్చీలోనే గడిచిపోవాలని, ఆఖరి రోజు కూడా ఒక పసివాడి పేరు రాసి లేవాలని ఆయన కోరిక. అంతకు మించి ఆయన దేవుణ్ణి కూడా ఏమీ అడగలేదు.

"మీకు మూడు అవకాశాలు," అన్నారు కమిషనరు గారు. "ఉత్తీర్ణులైతే ఆ కుర్చీ మీది. కాకపోతే మిమ్మల్ని వీధికుక్కల విభాగానికి పునర్నియమిస్తాం. అంతవరకూ రికార్డు గదికి సీలు."

ఆ సాయంత్రమే లక్క కరిగించి సీలు వేశారు. పాపారావు కళ్ళద్దాల పెట్టె లోపలే ఉండిపోయింది.

మర్నాడు బోను ఎర్రమ్మ అనే ముసలామె మనవరాల్ని వెంటబెట్టుకొచ్చింది. పిల్లకు పదేళ్ళుంటాయి, రెండు జడలు, రెండిటికీ రిబ్బన్లు.

"బాబూ, ఇది నా మనవరాలు సింహాచలం. ఆడగుంట. కాయితం మీద మగోడని రాసేసినారు. గురుకులం బడిలో సీటొచ్చిందిగానీ, అది ఆడపిల్లల బడి కదా, మగోణ్ణి సేర్సుకోం అని సెప్పేసినారు. దసరా సెలవులదాకా ఆగుతారంట. ఇదిగో, గుంట మీ ఎదరే ఉంది, సూడండి."

ఆ ప్రాంతంలో సింహాచలం అని మగపిల్లలకూ పెడతారు, ఆడపిల్లలకూ పెడతారు. ఆసుపత్రి జాబితా రాసినవాడికి ఆ సంగతి తట్టలేదు. మామూలుగా అయితే ఒక గీత కొట్టి, పక్కన ఇంకో మాట రాసి, సంతకం పెడితే సరిపోయేది. ఐదు నిమిషాల పని.

"తెలుసమ్మా," అన్నాడు పాపారావు. "పదేళ్ళ కిందటి మూడో సంపుటం, నూటపన్నెండో పుట. కింద నుంచి నాలుగో వరస."

వెనక నుంచి కమిషనరు గారు దగ్గారు. "పాపారావు గారూ! ఇప్పుడు మీరు బహిర్గతం చేసింది దత్తాంశం కాదా?"

"గది ముట్టుకోలేదు సార్. జ్ఞాపకం ఉంది, చెప్పాను."

"అదే నేననేది. మీ తలకి సీలు వేయించలేదు."

గంటలో మెమో వచ్చింది. "తమరి శిరస్సునందు గల వివరములు కార్యాలయ దత్తాంశమునకు అనధికార ప్రతిగా భావింపబడుచున్నవి. కావున ఉత్తీర్ణులగునంతవరకు కార్యాలయ వేళలయందు తమరు ఏదియు జ్ఞప్తికి తెచ్చుకొనరాదు." మెమో అందినట్టు సంతకం చేశారా అని మర్నాడు పట్నాయక్ గారు అడిగితే, జ్ఞాపకం లేదని పాపారావు చెప్పవలసి వచ్చింది.

శిక్షణ ఇవ్వడానికి రాజధాని నుంచి హిమబిందు అనే అమ్మాయి వచ్చింది. చదువుకున్న పిల్ల, చురుకైన పిల్ల, ఈ పరీక్ష ఆరుసార్లు రాసి ఆరుసార్లూ పాసైన పిల్ల. ఒక్కసారి పాసైతే చాలదా అని పాపారావు అడిగితే, ఈ సర్టిఫికెట్టు ఏడాదికోసారి కాలం చేస్తుందని చెప్పింది.

దత్తాంశం పుడుతుందనీ, పెరుగుతుందనీ, ముసలిదై అటకెక్కుతుందనీ, చివరికి నశిస్తుందనీ మొదటి రోజు పాఠం. ఇదేదో మన విభాగమే అని పాపారావు సంతోషించాడు. దత్తాంశాన్ని గురించిన దత్తాంశం ఇంకోటి ఉంటుందని రెండో రోజు పాఠం. అది ఇంటికి తీసుకెళ్ళి, వంకాయలు తరుగుతున్న భార్య కనకరత్నానికి చెప్పాడు.

"అంటే డబ్బా మీద పేరు రాసుకుంటాం సూడండి, అలగేనా?" అంది ఆవిడ.

"అలగే."

"మరి మన ఇంట్లో కందిపప్పని రాసున్నదాన్లో మినప్పప్పుంది. పంచదార డబ్బాలో ఉప్పుంది. నాకేటి ఇబ్బంది? ఎందులో ఏటుందో నాకు తెలుసు కదా!"

"నీకు తెలియడం లెక్కలోకి రాదే. డబ్బా మీద ఏముంటే అదే నిజం."

"అయితే రేపు మీ టీలో ఉప్పేసి ఇస్తాను, పంచదారనుకుని తాగీండి," అంది కనకరత్నం.

మూడో రోజు అసలు పాఠం వచ్చింది. పరీక్షలో పది మార్కుల ప్రశ్న ఒకటుంది. దాన్ని మూలసూత్రం అంటారు. దస్త్రంలో ఉన్న వివరానికీ, ఎదురుగా నిలబడ్డ మనిషి చెప్పే వివరానికీ తేడా వస్తే దేన్ని ప్రమాణంగా తీసుకోవాలి? మనిషినా, దత్తాంశాన్నా?

"మనిషినే కదమ్మా!" అన్నాడు పాపారావు, ఇంత తేలిక ప్రశ్నకి పది మార్కులా అని ఆశ్చర్యపోతూ.

"కాదు సార్. మనిషి అబద్ధం చెప్తాడు. డేటా చెప్పదు."

"దాన్ని రాసింది మనిషే కదమ్మా. మా గదిలో చాలా మటుకు నేనే రాశాను. భోంచేసి వచ్చి కునుకుపాటులో రాసినవి కూడా ఉన్నాయి."

హిమబిందు చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "అలాంటివి బయట అనకండి సార్. సర్టిఫికెట్టు ఇవ్వరు."

మొదటి పరీక్ష శ్రావణం మొదట్లో, కాగితం మీద జరిగింది. పాసవడానికి డెబ్భై మార్కులు కావాలి. పాపారావుకి అరవై ఐదు వచ్చాయి. ఆ పది మార్కుల ప్రశ్న దగ్గరికి రాగానే రెండు జడల పిల్ల కళ్ళ ముందు నిలబడింది, చెయ్యి దానంతటదే "మనిషి" అని రాసేసింది. శ్రావణం ఆఖర్లో రెండో పరీక్ష రాశాడు. మళ్ళీ అరవై ఐదే. ఈసారి పిల్ల పక్కన ముసలమ్మ కూడా నిలబడిందని ఇంటికొచ్చి చెప్పుకున్నాడు.

ఈలోగా ఊరు స్తంభించింది. పుట్టినవాళ్ళు పుట్టినట్టు లేదు, పోయినవాళ్ళు పోయినట్టు లేదు. మసీదు వీధిలో ఒక పెద్దాయన పోయి నలభై రోజులైనా పింఛను ఆగలేదని ఇంట్లోవాళ్ళే వచ్చి మొత్తుకుంటే, ఉత్తీర్ణుడైన ఉద్యోగి వచ్చేదాకా ఆయన్ని బతికున్నట్టే భావించాలని పట్నాయక్ గారు రాసిచ్చారు. కమిషనరు గారు మాత్రం జిల్లాకు నివేదిక పంపారు: ఈ రెండు మాసాలలో దత్తాంశమునందు ఒక్క పొరపాటును నమోదు కాలేదు.

ఎర్రమ్మ వారం వారం వస్తూనే ఉంది. "ఇంకా పరీచ్చ అవలేదా బాబూ?" అని అడిగేది. ఆ మాట విన్నప్పుడల్లా పాపారావుకి సిగ్గేసేది. ముప్ఫై మూడేళ్ళలో తనకు తెలిసిన పని తనకు తెలుసని ఎవరికీ రుజువు చెయ్యవలసి రాలేదు.

"నిజమేదో మీకు తెలుసు కదండీ," అంది కనకరత్నం ఒక ఉదయం, ఆయన చొక్కాకి బొత్తాం కుడుతూ. "కాయితం మీద అబద్ధం రాసీండి. గదిలోకి ఎల్లి నిజం రాసుకోండి. ఎవరడ్డొచ్చినారు?"

ఆ మాట ఆయనకు నచ్చలేదు. నచ్చకపోయినా వేరే దారి కనిపించలేదు. భాద్రపదం మొదట్లో మూడో పరీక్ష రాసి, పది మార్కుల ప్రశ్నకు "దత్తాంశము" అని పెట్టి, పాపం చేసినవాడిలా బయటికొచ్చాడు.

అయితే మూడో పరీక్ష కాగితం మీద కాదు, కంప్యూటరు మీద. అక్కడ ముందుగా అభ్యర్థి పేరు నింపాలి. మూడు గడులున్నాయి: మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు. మన పేర్లలో ముందు వచ్చేది ఇంటిపేరే కనుక పాపారావు మొదటి గడిలో దూసి అనీ, చివరి గడిలో పాపారావు అనీ కొట్టాడు. మధ్య గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ఒప్పుకోలేదు. కేంద్రంలో ఉన్న అమ్మాయి వచ్చి, పాపారావుని రెండు ముక్కలు చేసి, పాపాని మధ్యలో, రావుని చివర్లో పెట్టింది. ఇంకో ఊళ్ళో, ఇంకో దేశంలో తయారైన ఆ కంప్యూటరు, తన ఆచారం ప్రకారం చివరి పేరును ముందుకు లాగింది. పుట్టిన సంవత్సరాల జాబితా కిందికి జరుపుతూ పోతే ఎంతకీ ఆయన సంవత్సరం రాలేదు. ఆ అమ్మాయి వేలు 1991 దగ్గర అలిసిపోయింది.

వారానికి ఫలితాలు వచ్చాయి. జిల్లా ప్రథముడు: రావు దూసి పాపా, డెబ్భై ఐదు మార్కులు, వయసు ముప్ఫై నాలుగు. దూసి పాపారావు: మూడో యత్నం, గైర్హాజరు.

"ఇటువంటి యువ రత్నం మన సంస్థలో ఉన్నట్టు నాకే తెలియదు!" అని కమిషనరు గారు పొంగిపోయారు. గంట తిరక్కుండా రెండు ఉత్తర్వులు తయారయ్యాయి. రావు దూసి పాపాని రికార్డు గదికి దత్తాంశ సంరక్షకుడిగా నియమించారు. దూసి పాపారావుని వీధికుక్కల విభాగానికి పంపారు.

పాపారావు పరుగున వెళ్ళాడు. "సార్, ఆయన నేనే!"

"ఎవరు?"

"రావు దూసి పాపా. నా పేరే అటూ ఇటూ అయింది సార్. పరీక్ష రాసింది నేను."

"ఆధారం?"

"నా సర్వీసు రిజిస్టరు, నా జనన నమోదు. రెండూ రికార్డు గదిలోనే ఉన్నాయి సార్. సీలు తీస్తే..."

"సీలు తీయడానికి అర్హత గల వ్యక్తి రావు దూసి పాపా గారు మాత్రమే. ఆయన రానివ్వండి."

"ఆయన వచ్చేశాడు సార్. మీ ఎదురుగా ఉన్నాడు."

కమిషనరు గారు వెనక్కి వాలారు. ఆయన చెడ్డవాడు కాదు, పరీక్ష గైడు అప్పుడే చదివి ఉన్నారు, అంతే. "పాపారావు గారూ, దత్తాంశం ఆయన వేరు, మీరు వేరు అంటోంది. మీరేమో ఒకటే అంటున్నారు. మనిషికీ దత్తాంశానికీ తేడా వస్తే దేన్ని నమ్మాలి?"

పాపారావు బల్ల మీదున్న పరీక్ష గైడు వంక చూశాడు.

"చెప్పండి. ఫస్టు వచ్చినాయన ఏం రాశారో తెలుసా మీకు?"

తెలుసు. తన చేత్తోనే కొట్టాడు. పాపారావు కుక్కల విభాగానికి వెళ్ళి చేరాడు. అక్కడ పని తేలికే. కుక్కలకు ఇంటిపేర్లుండవు.

రికార్డు గది ముందు కొత్త కుర్చీ, కొత్త ఫ్యాను, ఇత్తడి అక్షరాల నామఫలకం వచ్చాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మనిషి లేకుండానే రావు గారికి హాజరుపట్టీ తెరిచారు. పది రోజులైనా ఆయన రాకపోయేసరికి మెమోలు బయల్దేరాయి. పరీక్ష ఫారంలో చిరునామా ఒక్కటే తిన్నగా పడింది కనుక అవన్నీ పాపారావు ఇంటికే వచ్చాయి. పోస్ట్‌మాన్ గుమ్మంలో నిలబడి "రావుగారున్నారా అమ్మా?" అని అడిగితే కనకరత్నం లోపలికోసారి తొంగిచూసి, "బజారుకెళ్ళినారు" అంది.

"లేడని చెప్పలేకపోయావా?" అన్నాడు పాపారావు.

"లేడని ఎలగనీను? మీరే కదా! ఉన్నాడంటే మీరు కాదంట." ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. పాపారావు మెమో చదివి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. విధులకు రానందుకు రావు గారి మీద చర్య ఎందుకు తీసుకోరాదో వారంలోగా తెలపాలట.

దసరా సెలవులకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. ఆఫీసు అరుగు మీద జనం పెరిగిపోయారు. జిల్లా ప్రథముడు ఏడని పైనుంచి ఫోన్లు మొదలయ్యాయి. అప్పుడు కమిషనరు గారికి చెమటలు పోశాయి, పట్నాయక్ గారికి ఆలోచన వచ్చింది. నలభై ఏళ్ళ ఆఫీసు జీవితంలో ఆయన నేర్చుకున్న మాట ఒక్కటే. అధికారి సీట్లో లేనప్పుడు గుమస్తా సంతకం పెట్టి, కింద "కమిషనరు కొరకు" అని రాస్తాడు కదా! అంత కొరకరాని కొయ్యనీ ఆయన ఆ "కొరకు"తోనే కొరికేశారు.

"రావు గారు రాకపోతేనేం సార్! ఆయన బదులు ఇంకొకరు 'కొరకు' అని సంతకం పెట్టొచ్చు. ఆయన ఒప్పుకుంటున్నట్టు ఒక ఉత్తరం ఉంటే చాలు. బాధ్యత ఆయనది, చెయ్యి మాత్రం వేరొకరిది."

"ఎవరి చెయ్యి?"

"ఆ గది సంగతి తెలిసిన చెయ్యి ఒకటి కుక్కల విభాగంలో ఉంది సార్."

ఆ మధ్యాహ్నం పాపారావు ఇంటికెళ్ళి, రావు గారు పాపారావుకి అధికారం ఇస్తున్నట్టు ఒక ఉత్తరం రాసి, తనకు తానే ఇచ్చుకుని, ఆఫీసుకి తెచ్చాడు. కమిషనరు గారు దాన్ని రెండుసార్లు చదివారు.

"దస్తూరీ చూశారా? మీరూ ఉన్నారు ముప్ఫై మూడేళ్ళుగా. యువతరం అంటే ఇది!" అన్నారు. పక్కనే ఒక షరతు రాశారు: "సంతకము చేయు వ్యక్తి అనర్హుడు గనుక, అతని నామధేయము దస్త్రమునందెక్కడను కనిపింపరాదు. రావు దూసి పాపా కొరకు అని మాత్రమే వ్రాయవలెను."

సీలు పగిలింది. తలుపు తెరవగానే పాత కాగితాల వాసన గుప్పుమంది. పాపారావుకి గుండె నిండిపోయింది. కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని, మూడో సంపుటం దించి, నూటపన్నెండో పుట తీశాడు. కిటికీ అవతల రెండు జడల పిల్ల నిలబడి ఉంది. ఆయన పిల్లని ఒకసారి చూశాడు, దస్త్రాన్ని ఒకసారి చూశాడు, "పురుషుడు" అన్న మాటని అడ్డంగా కొట్టేసి "స్త్రీ" అని స్పష్టంగా రాశాడు. కింద "రావు దూసి పాపా కొరకు" అని రాసి, పేరేదీ లేని ఒక మెలిక సంతకం గీశాడు. కొత్త ధ్రువపత్రం రాసి ముద్ర వేసి కిటికీలోంచి అందించాడు.

ఎర్రమ్మ దాన్ని కళ్ళకద్దుకుంది. కొంగు ముడి విప్పి చిల్లర ఇవ్వబోయి, ఆయన వద్దనేసరికి మళ్ళీ ముడేసుకుంది. వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది.

"బాబూ, మూడు నెల్లనించి వస్తన్నాను, అడగనే నేదు. ఈ శనివారం కొండెక్కుతాను. సామికి నీ పేరు సెప్పి దణ్ణం పెడతాను. నీ పేరేటి నాయినా?"

పాపారావు నోరు తెరిచాడు. దస్త్రంలోకి చూశాడు. గుమ్మం పక్కనున్న ఇత్తడి అక్షరాల వంక చూశాడు. వెనక బల్ల దగ్గర కమిషనరు గారు ఏదో ఫైలు చదువుతూ చెవి ఇటే పెట్టి ఉన్నారు.

"రేపు రండమ్మా," అన్నాడు. "చూసి చెప్తాను."